ప్రామాణిక అత్తయ్య

మా ఆయనకు నేనుంటున్న పొగడవరానికే బదిలీ అయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఇంటర్ సెకండియర్ పిల్లలకు ప్రాథమిక హక్కులు చెబుతున్నాను. బల్ల మీద పెట్టిన ఫోను వణికింది. తెర మీద "వచ్చేసింది హైమా" అని ఒక్క ముక్క. ఆ తర్వాత ఏ హక్కు దగ్గర ఆపానో నాకు గుర్తు లేదు. పిల్లలకు మాత్రం గంట కొట్టకముందే స్వేచ్ఛ దొరికింది.

పెళ్లయిన దగ్గర్నుంచి మాది ఆదివారాల కాపురం. ఆయన ఎర్రమిట్ట అనే కొండ మీది ఆస్పత్రిలో డాక్టరు. ఫోను మాట్లాడాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాల్సిన ఊరు అది. శనివారం రాత్రి బస్సెక్కి, ఆదివారం పొద్దున్న నా దగ్గర దిగి, పప్పుచారు తిని, కాసేపు కునుకు తీసి, నేను ఆయన చొక్కా గుండీ కుట్టేలోపు మళ్లీ బస్సెక్కేవారు. మేము అంతవరకు పోట్లాడుకోలేదు. టైము చాలలేదు.

కాబట్టి ఆయన ట్రంకుపెట్టె మా ఇంట్లో దిగిన రోజు నేను చేసిన మొదటి పని, గుమ్మంలో ఆయన చెప్పులు నా చెప్పుల పక్కన సర్ది కాసేపు చూడటం. రెండోది, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు పెట్టడం. మూడో పని చేసేలోపు ఆయన ఉత్తర్వు తీసి, "ఇది ఒకసారి చదువు హైమా. నాకు సరిగ్గా అర్థం కాలేదు" అన్నారు.

చదివాను. "డాక్టర్ ఎం. ఫణీంద్ర గారిని పొగడవరం ఏరియా ఆస్పత్రి యందు బాబాయి, రెండవ శ్రేణి, హోదాలో తాత్కాలికముగా నియమించడమైనది. సదరు బాబాయి మూడు నెలలలోపు ప్రజల విశ్వాసము చూరగొననిచో పూర్వపు స్థానమునకు తిరిగి పంపబడును. భార్య ఉన్నచో, ఆమె పిన్ని (గౌరవ) హోదాలో సాయంత్రపు పరామర్శలకు తోడు రావలెను. జీతభత్యములు ఉండవు."

"బాబాయి అంటే ఏమిటి?" అన్నారు ఆయన.

"నాన్నగారి తమ్ముడు" అన్నాను. సివిక్స్ చదివిన నాకు అంతకుమించి తెలియలేదు. నా చూపు మాత్రం "తోడు రావలెను" అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ప్రతి సాయంత్రం ఆయనతో కలిసి నడిచి వెళ్లమని ప్రభుత్వమే ఆదేశించింది. ఇంత మంచి ఉత్తర్వు నేనెప్పుడూ చదవలేదు.

విషయం మర్నాడు మా ఇద్దరినీ పిలిచిన శిక్షణలో తెలిసింది. ప్రజా విశ్వాస పునరుద్ధరణ విభాగం సంయుక్త సంచాలకులు శ్రీ గరుడాచలం గారు స్వయంగా వచ్చి మాట్లాడారు. ఆయన ఏ మాటనైనా ఉత్తర్వు కింద సంతకం పెడుతున్నట్టు అంటారు.

"మిత్రులారా, ప్రజలకు వైద్యం మీద నమ్మకం పోయింది. డిశ్చార్జి అయిన రోగుల తలగడల కింద దొరికిన మాత్రలతో మా విభాగంలో ఒక గది నిండింది. అదే రోగి, పక్క మంచం వాళ్ల తోడల్లుడు నేలవేము తాగమంటే తాగాడు. గాడిదపాలు మంచివంటే గాడిద కోసం మనిషిని పంపాడు. దీన్నిబట్టి తేలిందేమిటి? రోగి వినేది డాక్టరు మాట కాదు, పరామర్శకు వచ్చినవాడి మాట. కావున, నేటినుంచి డాక్టర్లందరూ పరామర్శకు వచ్చినవారే."

నాకు అందులో లోపం కనబడలేదు. మా నాన్నగారికి జ్వరం వచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది.

తర్వాత నిబంధనలు చదివారు. తెల్లకోటు నిషేధం. స్టెతస్కోపు బత్తాయిల సంచి అడుగున ఉండవచ్చును, పైకి కనబడరాదు. నిలబడి మాట్లాడరాదు, మంచం చివర కూర్చోవలెను. ముందుగా "అయ్యో, ఎంత చిక్కిపోయారు" అనవలెను.

"మనిషి లావుగా ఉంటే సార్?" అని వెనకనుంచి ఒకరు అడిగారు.

"నీరొచ్చిందనవలెను."

నర్సులందరూ ఇక పిన్నులు. సూపరింటెండెంటు గారు తాతగారు. ఆయనకు ఆ రోజే పడక్కుర్చీ మంజూరైంది, ఆ తర్వాత ఆయన లేచి ఉండగా చూసినవాళ్లు తక్కువ. హెడ్ నర్సు మార్తమ్మ గారికి పెద్దమ్మ హోదా ఇచ్చారు.

"మా చెల్లెలు కొడుకును కన్న రోజే నేను పెద్దమ్మనయ్యాను. దానికి ప్రభుత్వానికి ఇన్నేళ్ల సర్వీసు కావలసి వచ్చింది" అని ఆవిడ నా చెవిలో గొణిగి, పైకి మాత్రం వినయంగా, "సార్, పరామర్శకొచ్చినవాళ్లు డాక్టర్లను తిడతారు కదండీ. మేమూ తిట్టాలా?" అని అడిగారు.

"తిట్టవచ్చును. రెండు నిమిషాలు మించరాదు."

మా మొదటి సాయంత్రం నేను నెమలికంఠం రంగు చీర కట్టుకున్నాను. ఆయన గళ్ల చొక్కా వేసుకుని, బత్తాయిల సంచి పట్టుకున్నారు. ఆస్పత్రి దాకా కలిసి నడిచాం. దారిలో సోడా తాగాం. ఆయనకు గోళీ లోపలికి నొక్కడం రాదని నాకు అప్పుడే తెలిసింది. పెళ్లయ్యాక ఇలాంటివి తెలియడం ఎంత బాగుంటుందో.

నాలుగో వార్డులో లారీ ఆఫీసు సూరపరాజు గారు ఉన్నారు. షుగరు మనిషి. పాదానికి మేకు గుచ్చుకుంటే, ఫోనులో ఎవరో చెప్పిన ఆకు పసరు కట్టి, పుండు ముదరబెట్టుకుని వచ్చారు. ఊళ్లో సగం మంది ఆయన చుట్టాలే. ఆయనకు ఒంట్లో బాగాలేదని విని, ఏదో ఒక జబ్బు వంకన వాళ్లలో కొందరు చుట్టుపక్కల మంచాల్లో చేరిపోయారు కూడా. ఆయన తల ఊపితే వార్డంతా ఊపుతుంది.

మా ఆయన మంచం చివర కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. "మీ షుగరు మూడువందల నలభై ఉందండి. ఇన్సులిన్ మొదలుపెట్టాలి" అన్నారు.

రాజుగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "మీరెవరి తాలూకండీ?"

"నేను... బాబాయినండి."

"ఆయ్, డాక్టరనుకున్నానండి. పరామర్శకొచ్చినోడు అంకెలు చెప్పడు." గోడవైపు తిరిగి పడుకోబోయారు. "ఆ సూది ఒకసారి మొదలెడితే ఇంక జన్మంతా వదలదంట. నాకొద్దండి బాబూ."

మా ఆయన మొహం చూశాను. అందులో ఎర్రమిట్ట నీళ్ల ట్యాంకు కనబడింది. ఇంక ఆలోచించలేదు.

"అయ్యో పెదనాన్నగారూ, ఎంత చిక్కిపోయారండీ. మా సామర్లకోట అత్తయ్యకు అచ్చం ఇలాగే అయింది."

రాజుగారు ఇటు తిరిగారు. "ఏమైందమ్మా?"

"పాదమే. మొండి మనిషండి, ఎవరి మాటా వినదు. డాక్టర్లంటే మంట. పసర్లన్నీ కట్టింది, కాకర రసం బిందెలు బిందెలు తాగింది. పాదం నల్లబడింది. ఆఖరికి విసిగిపోయి ఆ సూదిమందే వేయించుకుంది. ఇప్పుడు మందారాల కోసం పక్కింటివాళ్ల గోడెక్కుతోంది."

"గోడా?"

"రోజూ. పక్కింటావిడ గొడవ కూడా పడింది."

"సామర్లకోటలో ఎక్కడమ్మా?"

"స్టేషను వెనకండి."

రాజుగారు తలగడకు ఆనుకుని లేచి కూర్చున్నారు. "మంచి మనిషిలాగుంది. అలాంటోళ్లు ఊరికే ఏదీ చెయ్యరు. ఏదీ, ఆ మందేదో తెమ్మనండి" అన్నారు.

పక్క మంచాల చుట్టాలు కూడా తమ తలగడల కింది మాత్రలు తీసి మింగారు. ఒకాయన మూడు రోజులవి ఒక్కసారే మింగబోతే మార్తమ్మ గారు చెయ్యి పట్టుకున్నారు.

తిరిగి వస్తూ మిగిలిన బత్తాయి ఒలుచుకుని తిన్నాం. ఆయన తొనల మీది తెల్లటి పీచంతా తీసి నాకు ఇచ్చారు. "నీకు సామర్లకోటలో అత్తయ్య ఉన్నట్టు చెప్పలేదే" అన్నారు.

"లేదు కదండీ" అన్నాను.

ఆయన నడక ఆపారు. ఏదో అనబోయారు. అప్పుడే ఆయన ఫోనులో, ప్రజల నమ్మకానికి విభాగం కట్టే లెక్క అయిన విశ్వాస సూచీ ఎంత పెరిగిందో సందేశం వచ్చింది. ఫోను జేబులో పెట్టుకుని ఇంకో తొన ఒలిచారు.

అత్తయ్య అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మర్నాడే మార్తమ్మ గారు నన్ను వరండాలో పట్టుకున్నారు. "ఏమ్మా పిన్నీ, మీ అత్తయ్యను ఈపూటకు నాకిస్తావా? ఆరో వార్డులో కిడ్నీ రాయి ఉంది. ఆపరేషనంటే పారిపోతున్నాడు."

"తీసుకోండి" అన్నాను. ఉదారంగానే అన్నాను. కొత్త పెళ్లికూతురికి ఎవరికేమివ్వడానికైనా మనసొస్తుంది.

వారం తిరిగేసరికి అత్తయ్యకు టైఫాయిడ్ తగ్గింది, పిత్తాశయంలో రాళ్లు పోయాయి, రెండు కళ్లకూ శుక్లాలు తీశారు, కుక్క కరిస్తే సూదులన్నీ వేయించుకుంది. ప్రతిసారీ ముందు మొండికేసేది, చివరికి ఒప్పుకునేది, ఆ తర్వాత గోడెక్కేది. రోగులు బుద్ధిగా మందులు వేసుకుంటున్నారు. మా ఆయన రోజూ భోజనానికి ఇంటికి వస్తున్నారు. దుప్పటి మడత పెట్టడంలో ఎవరి పద్ధతి సరైందన్న విషయం మీద మా మొదటి పోట్లాట కూడా జరిగింది. చాలా సంతోషంగా గడిచింది.

ఆయనకు మాత్రం స్థిమితం లేదు. "నిన్న ఒకాయన నన్ను ఆవిడ ఆరోగ్యం అడిగాడు హైమా. బాగానే ఉందన్నాను. చదువుకునేటప్పుడు నాకిది నేర్పలేదు" అన్నారు ఒకరాత్రి అన్నం కలుపుతూ.

పొగడవరంలో సూచీ పెరగడం విభాగం దృష్టికి వెళ్లింది. గరుడాచలం గారు కారణం కనుక్కుని, అత్తయ్యను విభాగం పరిధిలోకి తీసుకున్నారు. ఉత్తర్వు వచ్చింది.

"ఇకపై అన్ని ఆస్పత్రులయందు ప్రామాణిక అత్తయ్యను మాత్రమే ఉపయోగించవలెను. స్థానిక అత్తయ్యలు, మేనమామలు రద్దు చేయడమైనది. ప్రామాణిక అత్తయ్య లక్షణములు: నేత చీర, ముక్కుపుడక, పట్టుదల గల స్వభావము, డాక్టర్లపై మితమైన ద్వేషము."

దానితోపాటు గోడలకు అతికించడానికి రంగుల బొమ్మలు వచ్చాయి. "అత్తయ్య వేసుకుంది, మరి మీరు?" అని కింద పెద్ద అక్షరాలు. చిత్రకారుడు సంయుక్త సంచాలకుల వారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీశాడో ఏమో, అత్తయ్య అచ్చం గరుడాచలం గారిలాగే ఉంది, ముక్కుపుడక తప్ప.

రాజుగారి పాదం కాస్త నయమై, కర్ర పట్టుకుని వార్డులన్నీ తిరిగి పరామర్శలు చేస్తున్న రోజులవి. కొంప అక్కడే మునిగింది. ఒక సాయంత్రం మేము వెళ్లేసరికి మంచం మీద బిగుసుకుని కూర్చుని ఉన్నారు.

"రామ్మా. మీ అత్తయ్యకు ఎలాగుంది?"

"బాగానే ఉందండి."

"బాగుంటుందమ్మా, ఎందుకు బాగోదు. మూడో వార్డులో ఆవిడకు గర్భసంచి తీసేశారు. ఐదో వార్డులో కాన్పుకొచ్చింది. రెండూ ఈ నెల్లోనే."

పక్క మంచాల చుట్టాలు మా వైపే చూస్తున్నారు.

"పోనీ గట్టి మనిషి, కన్నదే అనుకుందాం. గోడ మీద ఆ బొమ్మేంటండీ? గోడ మీద బొమ్మేశారంటే గవర్నమెంటు మనిషన్నమాట. గవర్నమెంటు మనిషి చెప్పిన మందు నేనెందుకు వేసుకుంటానండీ?" కర్ర నేలకు కొట్టారు. "పొద్దుట్నుంచి సూది మానేశాను. ఆవిడ్ని తెచ్చి చూపించండి, అప్పుడు పొడవండి. లేదంటే రాత్రి బస్సుకు పసరాయన దగ్గరికి పోతాను. మావాళ్లూ వస్తారు."

వాళ్లు అప్పటికే పరుపులు చుట్టేశారు. వరండాలో ఇంకో వార్డు వాళ్లు చాపలు దులుపుతున్నారు. సూచీ ఎలా పడిందో ఏమో, గరుడాచలం గారి జీపు అరగంటలో గేటులోకి వచ్చేసింది.

"సదరు అత్తయ్యను ప్రవేశపెట్టండి" అన్నారు ఆయన, పడక్కుర్చీలో నిద్రపోతున్న తాతగారి పక్కనే నిలబడి.

"ఆవిడ లేదండీ" అన్నాను.

"ఎక్కడికి వెళ్లారు?"

"ఎక్కడికీ వెళ్లలేదండీ. ముందునుంచీ లేదు."

ఆయన తొణకలేదు. "లేకపోవడం పరిపాలనాపరంగా ఇబ్బంది కాదమ్మా. దాన్ని ఖాళీ అంటాం. భర్తీ చేస్తాం. మార్తమ్మ గారూ, తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు అత్తయ్యగా అదనపు బాధ్యతలు స్వీకరించండి."

"సార్, నిన్న ఆయన పుండు కడిగింది నేనేనండి. నన్ను అత్తయ్యంటే ఆ కర్రతోనే కొడతాడు."

గరుడాచలం గారు జీపు వైపు చెయ్యి చూపించారు. "అయితే నియామకపు ఉత్తర్వులోని రెండవ నిబంధన అమలు చేయక తప్పదు. సదరు రోగి గేటు దాటిన మరుక్షణం సదరు బాబాయి ఎర్రమిట్టకు తిరిగి పంపబడును. ఉత్తర్వు జీపులోనే ఉంది. తేదీ వేయడమే తరువాయి."

నాకు గుమ్మంలో చెప్పులు గుర్తొచ్చాయి. నోరు విప్పి, "ఇంకో గంట టైమివ్వండి, సామర్లకోట నుంచి ఎవరినైనా..." అనబోయాను. మా ఆయన నా చేతిలోంచి బత్తాయిల సంచి తీసుకున్నారు. అడుగునుంచి స్టెతస్కోపు లాగి మెడలో వేసుకున్నారు. సంచి నాకే ఇచ్చేసి వార్డులోకి నడిచారు. మేమందరం వెనకాలే వెళ్లాం.

ఆయన మంచం చివర కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"రాజుగారూ, అత్తయ్య లేదండి. మా ఆవిడ కల్పించింది. తెలిసి కూడా నేను ఊరుకున్నాను."

పరుపులు చుట్టిన చుట్టాలు వాటిని కింద పెట్టి దగ్గరికి వచ్చారు.

"లేదా?" అన్నారు రాజుగారు. "మరి మందారాలు?"

"అదీ లేదండి."

"గోడెక్కడం కూడానా?" ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆవిడ పోయిందని చెప్పినా అంత బాధపడేవారు కాదేమో. "మరి నా కాలు?"

"అది ఉంది. ఈపూట అంచు మళ్లీ ఎర్రబడింది, మీరే చూడండి. సూది మానేస్తే పాదం పోవచ్చు. వేసుకుంటే దక్కుతుందనే అనుకుంటున్నాను. ఖాయమని మాత్రం చెప్పలేను."

"పసరాయన ఖాయమన్నాడండి."

"అంటాడండి. కాలు ఆయనది కాదుగా."

"మీదీ కాదుగా."

"కాదు. అందుకే ఖాయమని అనడం లేదు."

రాజుగారు కర్ర మీద గడ్డం ఆనించి ఆయన్ని చూస్తూ ఉండిపోయారు. గుమ్మం దగ్గర గరుడాచలం గారు జేబులోంచి పెన్ను తీశారు. నేను సంచిని గట్టిగా పట్టుకున్నాను.

"ఏవండీ డాక్టరుగారూ" అన్నారు చివరికి. ఆ మాట ఆ ఆస్పత్రిలో వినబడి చాలా రోజులైంది. "ఇదంతా తెలిస్తే మీ ఉద్యోగం ఉంటుందాండీ?"

"ఉద్యోగం ఉంటుందండి. ఎర్రమిట్టలో."

"పెళ్లై ఎన్నాళ్లైంది?"

"కాపురం మొదలైంది మొన్ననేనండి."

రాజుగారు నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపారు. "అమ్మాయ్, అబద్ధమాడితే ఆడావు గానీ, అన్ని జబ్బులు ఒక్క ఆడమనిషికి పెడతారా? నలుగురికి పంచాలి." అని, చొక్కా పైకెత్తి పొట్ట చూపించారు. "పొడవండి డాక్టరుగారూ. నాకు ఖాయం కాదని చెప్పినోడు ఇన్నాళ్లకు మీరొక్కరే దొరికారు."

చుట్టాలు పరుపులు విప్పడం మొదలుపెట్టారు. మార్తమ్మ గారు సూది తేవడానికి పరుగెత్తారు. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు, చేతిలో ఉన్న బత్తాయి ఒలిచి పక్క మంచం ఆయనకు ఇచ్చేశాను.

సూచీ ఆ సాయంత్రం ఇదివరకెన్నడూ లేనంత పైకి వెళ్లింది. గరుడాచలం గారు వరండాలో అటూ ఇటూ నడుస్తూ దాన్ని మూడుసార్లు చూసుకున్నారు. తర్వాత సిబ్బందినంతా పిలిచారు. తాతగారిని కూడా లేపించారు.

"మిత్రులారా, నేడు ఒక శాస్త్రీయ సత్యం బయటపడింది. రోగికి విశ్వాసం కలిగేది ఒప్పుకోలు వలన. ఒప్పుకోవాలంటే ముందుగా ఏముండాలి?"

"అబద్ధమండి" అన్నారు మార్తమ్మ గారు.

"సరిగ్గా చెప్పారు."

మా ఆయన చెయ్యెత్తారు. "సార్, మొదటే నిజం చెప్పేస్తే సరిపోతుంది కదండీ?"

గరుడాచలం గారు ఆయన్ని జాలిగా చూశారు. "అప్పుడు ఒప్పుకోవడానికి ఏం మిగులుతుంది డాక్టర్? దేనికైనా ఒక వరస ఉండాలి. మీరు చిన్నవారు, మెల్లగా తెలుస్తుంది. మిమ్మల్ని పొగడవరంలోనే పెదనాన్నగా స్థిరపరుస్తున్నాను." జీపులోంచి ఎర్రమిట్ట ఉత్తర్వు తెప్పించి అక్కడే చింపేశారు. ఆ చప్పుడు నాకు మంగళవాద్యంలా వినబడింది. "రేపటినుంచి అన్ని వార్డులలో ఉదయం తొమ్మిది గంటలకు అబద్ధము, పదిన్నరకు ఒప్పుకోలు. అత్తయ్యను ఉపసంహరించడమైనది. ఆవిడ స్థానంలో ఒక మామయ్యను ఈ రాత్రికే సిద్ధం చేయవలసిన బాధ్యత పిన్ని (గౌరవ) గారికి అప్పగిస్తున్నాను."

ఇంటికి నడిచి వస్తూ సోడా తాగాం. గోళీ ఈసారి కూడా నేనే నొక్కాను. ఇప్పుడు ఆయన దీపం కింద దుప్పటి తప్పుగా మడత పెడుతూ, "ఎక్కువ మంచివాడిగా పెట్టకు హైమా, గంటన్నరే కదా, రాజుగారు మళ్లీ బాధపడతారు" అంటున్నారు. అదీ నిజమే. రేపు పొద్దున్న తొమ్మిదింటికి పొగడవరంలో ఒక మామయ్య పుడతాడు. పదిన్నరకు ఉండడు. మధ్యలో ఆయనకు ఒకే ఒక్క జబ్బు పెడదామని, అదీ చిన్నది, జలుబులాంటిది, అనుకుంటున్నాను.